మొన్న నా బరువెందుకు తూసినారు మేడమ్? ఒక ఉరిశిక్ష కేసు, విశాఖ నుంచి

ఉరిశిక్ష పడిన నెల రోజులకు అడవివరం సెంట్రల్ జైలుకి ములాఖత్‌కి వెళ్లాను. నేను వాదించిన ముద్దాయి, మావాడు, కూర్చోకముందే అడిగాడు, "మేడమ్, మొన్న నా బరువెందుకు తూసినారు?"

జైలు డాక్టరు అప్పుడప్పుడూ అందరికీ చేసే మామూలు చెకప్ అది. బీపీ చూశారు, బరువు రాసుకున్నారు, పంపేశారు. కానీ బ్యారక్‌లో ఎవరో చెప్పారట, ఉరితాడు ఎంత పొడుగు వదలాలో మనిషి బరువును బట్టి లెక్కేస్తారని. ఆ రాత్రి నుంచి అన్నం సగానికి సగం తగ్గించేశాడు. "బరువు మారిపోతా ఉంటే ఆళ్లకి తాడు కుదరదు కదా మేడమ్" అన్నాడు, చాలా మామూలుగా, ఏదో చిన్న ఉపాయం చెబుతున్నట్టు. అరెస్టప్పుడు 63 కిలోలున్న మనిషి నేను చూసేసరికి 56కి వచ్చేశాడు.

ఇరవై ఏళ్లకు పైగా విశాఖలో క్రిమినల్ ప్రాక్టీసు చేస్తున్నాను, లీగల్ ఎయిడ్ కేసులు ఎక్కువ. ఈ కేసు గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఒకటి మా జూనియర్ల కోసం. రెండోది, మరణశిక్ష ఎలా అమలు చేయాలి, ఉరా ఇంజెక్షనా అని ఈమధ్య అందరూ మాట్లాడుకుంటున్నారు కాబట్టి. చనిపోయినవాళ్ల కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకూడదని కొన్ని వివరాలు మార్చాను, ఊరి పేరు రాయడం లేదు. మిగతాది జరిగింది జరిగినట్టే.

ముందు నేరం గురించి. ఊరి శివార్లలో సొంత ఇంట్లో ఇద్దరే ఉండే పెద్ద వయసు దంపతులు. కొన్ని నెలల ముందు వాళ్లింట్లో టైల్స్ పనికి వెళ్లాడు మావాడు, అప్పటికి 27 ఏళ్లు. అప్పులవాడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఒక రాత్రి దొంగతనానికి వెళ్లాడు, పెద్దాయనకి మెలకువ వచ్చింది, చేతిలో ఇనప రాడ్ ఉంది. ఇద్దరూ చనిపోయారు. గాజులు, గొలుసు తాకట్టు పెట్టిన చోట దొరికాయి, సీసీ కెమెరాలో మనిషి కనిపించాడు, రాడ్ మీద రక్తం ఎవరిదో తేలింది. చేశాడు. నిర్దోషి అని నేను ఏ రోజూ నమ్మలేదు. కేసు పేపర్లు చదివిన ఎవరూ నమ్మరు.

2021 చివర్లో కేసు తేలింది. నేరం రుజువైందని ఉదయం పదకొండు గంటలకు చెప్పారు, శిక్ష మీద వాదనలు అదే రోజు లంచ్ తర్వాత. పీపీ గారు, అంటే ప్రభుత్వ న్యాయవాది, అరగంట మాట్లాడారు, ఫొటోలు చూపించారు. నా వంతు వచ్చింది. వయసు చిన్నది, పాత కేసులేవీ లేవు, ముసలి తల్లి ఉంది. ఈ మూడు మాటలూ చెప్పి, బచన్ సింగ్ తీర్పులో పేరాలు చదివి కూర్చున్నాను. మొత్తం ఇరవై నిమిషాలు పట్టిందేమో. సాయంత్రం ఉరిశిక్ష వేశారు.

ఆ జడ్జిగారిని నేను తప్పు పట్టలేను. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమే అంటూనే, అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే వేయాలని చెప్పింది. నేరాన్ని ఎంత చూస్తారో నేరం చేసిన మనిషినీ అంత చూడాలంది. ఇతను ఇక మారడు అని చూపించాల్సిన బరువు ప్రభుత్వం మీద పెట్టింది. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 235(2) కింద శిక్ష మీద వేరే విచారణ ఉన్నదే అందుకు, 354(3)లో ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలన్నదీ అందుకే. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. కానీ ఆ మధ్యాహ్నం జడ్జిగారి బల్ల మీద నేరం గురించి నాలుగు వందల పేజీలున్నాయి, మనిషి గురించి నేను పెట్టిన కాగితం ఒక్కటి లేదు. రెండేళ్లకు పైగా ఆ కేసు నడిపాను నేను. మీ నాన్నగారు ఏం చేసేవారు అని ఒకసారి అడిగితే "లేరు మేడమ్" అన్నాడు. అక్కడితో ఆపేశాను. ఇంకో ప్రశ్న అడగలేదు. సాక్షులను క్రాస్ చేయడం మీదున్న శ్రద్ధలో పదో వంతు అతని బతుకు మీద పెట్టి ఉంటే ఈ కేసు స్టడీ ఇలా ఉండేది కాదు.

పైగా రోజులెలాంటివో కూడా చెప్పాలి. 2019 నవంబరులో హైదరాబాద్ దగ్గర జరిగిన దిశ ఘటన తర్వాత ఊరూరా ఉరి తీయాలన్న కోపం అలాగే ఉండిపోయింది. ఆ డిసెంబరులో మన అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది, 21 రోజుల్లో తీర్పు, ఉరి అంటూ. మరుసటి ఏడాది మార్చి 20న తీహార్ జైల్లో నిర్భయ కేసు దోషులు నలుగురిని ఒకేసారి ఉరి తీశారు. మా కేసుకి వీటితో సంబంధం లేదు, కానీ కోర్టు హాల్లో గాలి ఎటు వీస్తోందో లోపలికి అడుగు పెట్టిన అందరికీ తెలుస్తుంది. మనిషి గురించి గట్టిగా చెప్పేవాడు లేకపోతే ఆ గాలే తీర్పు రాస్తుంది.

సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్ష హైకోర్టు ఖాయం చేస్తే తప్ప అమలు కాదు. ముద్దాయి అప్పీలు వేసినా వేయకపోయినా ఫైలు దానంతట అదే పైకి వెళ్తుంది, మన దగ్గర రిఫర్డ్ ట్రయల్ అంటాం. మాది నేలపాడులోని హైకోర్టుకి వెళ్లి వాయిదాల్లో ఉండగా 2022 మే నెలలో సుప్రీంకోర్టు మనోజ్ కేసులో తీర్పిచ్చింది. ఉరి వేయాలా వద్దా అని తేల్చే ముందు ముద్దాయి కుటుంబం, చదువు, ఆర్థిక స్థితి, మానసిక స్థితి, జైల్లో నడవడిక, వీటన్నిటి మీదా రిపోర్టులు తెప్పించుకోవాలని చెప్పింది. నాకు రెండో అవకాశం దొరికింది. పరీక్ష తప్పినవాడికి సప్లిమెంటరీ రాసుకోమన్నట్టు. ఈసారి వదల్లేదు.

నేనూ, మా జూనియరూ, సైకాలజీలో పీజీ చేసిన ఒక అమ్మాయీ కలిసి రైలెక్కి పలాసలో దిగాం. అక్కడి నుంచి ఆటోలో ఉద్దానం పల్లె ఒకటి. నాలుగైదు గంటల ప్రయాణం. మూడేళ్లలో నేను ఒక్కసారి కూడా చేయని ప్రయాణం.

ఉద్దానం అంటే మన ఉత్తరాంధ్రలో ఎవరికైనా ముందు కొబ్బరి తోటలు గుర్తొస్తాయి, వెంటనే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇల్లిల్లూ తిరిగితే ఏ వీధిలోనైనా డయాలసిస్ మాట వినిపిస్తుంది. కారణం ఇప్పటికీ తేలలేదు. మావాడి అమ్మ ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చి మంచం మీద గుమ్మరించింది. భర్త కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) చీటీలు ఏళ్లవారీగా ఉన్నాయి. పిల్లాడు ఏడో తరగతిలో బడి మానేసిన నెలా, ఆయనకు డయాలసిస్ మొదలైన నెలా ఒకటే. వారానికి రెండుసార్లు తండ్రిని తీసుకుని విశాఖ రావడానికి ఇంకెవరూ లేరు. ఆ గుంటడు ఎన్ని రాత్రులు కేజీహెచ్ వరండాలో పడుకున్నాడో లెక్క చూడాలంటే ఆ చీటీల మీద తేదీలు చూస్తే చాలు. మా జూనియర్ కూర్చుని రాసుకుంటూ వెళ్లాడు, మూడో పేజీ దాటింది. తండ్రి చనిపోయాక మిగిలింది అప్పూ, కొంచెం కొబ్బరి తోటా. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చింది. పలాస పక్కనే తీరం దాటిన ఆ తుపాను ఒక్క రాత్రిలో ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు పడుకోబెట్టేసింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకి రావాలంటే ఎన్నేళ్లు ఆగాలో రైతుని అడగండి. అప్పు ఆగదు. మావాడు పనికి విశాఖ వచ్చేశాడు.

కవర్లో అడుగున ఇంకో చీటీ ఉంది. పని మొదలెట్టిన కొన్ని నెలలకే రెండో అంతస్తు పరంజా మీద నుంచి పడ్డాడు. తలకి దెబ్బ, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. "అప్పట్నుంచీ ఊరికే కోపమొచ్చీసేదమ్మా, తల నొప్పని గోడకేసి కొట్టుకునీవోడు" అంది అమ్మ. ఈ సంగతి నాకు మావాడు ఏనాడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, "అది కేసులోది కాదు కదా మేడమ్" అన్నాడు. అతను అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు, నేనూ అలాగే అనుకున్నాను కాబట్టే అడగలేదు. హైకోర్టు ఆదేశం మీద చినవాల్తేరు మానసిక వైద్యశాలలో పరీక్షలు చేయించారు. తల ముందు భాగంలో పాత గాయం ఉందనీ, ఆవేశాన్ని ఆపుకునే శక్తి దాని వల్ల దెబ్బతిని ఉండొచ్చనీ రాశారు. ఈ కాగితం ఇద్దరి ప్రాణాలు తీసిన తప్పును చెరిపేయదు. నేను కోర్టులో కూడా అలా అడగలేదు. ఉరి వేసే ముందు చూడాల్సిన కాగితం అది, చూడకుండానే వేసేశారు, దానికి మొదటి కారణం నేను.

2023 మార్చిలో ఆ పల్లెకి రెండోసారి వెళ్లాను, మావాడి అమ్మ సంతకాలు కొన్ని కావాల్సి వచ్చి. అప్పుడే టీవీలో ఉరి పద్ధతి మీద సుప్రీంకోర్టు విచారణ వార్తలు వస్తున్నాయి. టీ ఇచ్చి పక్కన కూర్చుని మెల్లగా అడిగింది, "తాడు మానీసి సూదిమందు ఏసి పంపిచ్చెస్తారంట కదేటమ్మా? మా గుంటడికి అదైనా రాయించండి." మనియార్డరు ఫారం నింపి పెట్టమని అడిగినట్టు అడిగింది. నాకు నోట మాట రాలేదు.

ఆమెకి ఆ రోజు చెప్పలేనిది ఇక్కడ రాస్తాను.

మన చట్టంలో ఉరికి ఉన్న మాట ఒక్కటే, ప్రాణం పోయేవరకు మెడకు ఉరి వేసి వేలాడదీయాలి అని. పాత కోడ్‌లో 354(5), ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 393(5). సైనిక చట్టాల్లో మాత్రం కాల్చి చంపడం కూడా ఉంది. బ్యారక్‌లో మావాడికి ఎవరో చెప్పింది నిజమే. 1870ల్లో ఇంగ్లండులో మార్వుడ్ అనే తలారి వాడుకలోకి తెచ్చిన లెక్క అది. తేలికైన మనిషికి ఎక్కువ ఎత్తు నుంచి, బరువైన మనిషికి తక్కువ ఎత్తు నుంచి జారేలా తాడు వదలాలి. లెక్క సరిగ్గా కుదిరితే మెడ ఎముక విరిగి వెంటనే స్పృహ పోతుంది. తాడు తక్కువైతే ఊపిరాడక చాలాసేపు కొట్టుకుంటారు, ఎక్కువైతే తల తెగుతుంది. అందుకే మన జైలు మాన్యువల్స్‌లో బరువుల పట్టికలు, మనిషి బరువుకి ఒకటిన్నర రెట్లు ఇసుక మూటతో ముందు రోజు పరీక్ష, ఉరి తర్వాత అరగంట శరీరాన్ని దించకూడదన్న నిబంధన. ఈ పద్ధతి క్రూరమైనది కాదని 1983లో దీనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, తీర్పు రాసింది వై.వి. చంద్రచూడ్. ఉరితో పాటు ఇంజెక్షన్ కూడా ఉండాలని 2003లో లా కమిషన్ 187వ రిపోర్టు సిఫార్సు చేసింది, అప్పుడు ఛైర్మన్ మన తెలుగువారే, జస్టిస్ ఎం. జగన్నాథరావు. 2017లో ఉరి పద్ధతి మీద మళ్లీ పిటిషన్ పడింది. 2023 మార్చిలో, ఆ అమ్మ టీవీలో చూసిన రోజున, ఇంతకంటే నొప్పి తక్కువ పద్ధతి ఉందేమో వివరాలు తెమ్మని కేంద్రాన్ని అడిగిన బెంచీకి నాయకత్వం వహించింది డి.వై. చంద్రచూడ్. తండ్రి తేల్చిన ప్రశ్న నలభై ఏళ్ల తర్వాత కొడుకు ముందుకు వచ్చింది.

ఇంజెక్షన్ అంటే నిద్రలో పోవడం అనుకుంటాం. 1982లో టెక్సాస్‌లో మొదటిసారి వాడారు. చాలాకాలం వాడిన పద్ధతిలో మూడు మందులు ఉండేవి, మొదటిది మత్తుకి, రెండోది కండరాలు చచ్చుబడిపోయేలా చేయడానికి, మూడోది గుండె ఆపడానికి. మొదటిది సరిగ్గా పనిచేయకపోతే రెండోదాని వల్ల మనిషి కదల్లేడు, అరవలేడు. బయటివాళ్లకి ప్రశాంతంగా కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే భయం వేసింది అక్కడే. చూసేవాళ్ల బాధ తగ్గించడానికీ చచ్చేవాడి బాధ తగ్గించడానికీ తేడా ఉంది. 2014లో ఓక్లహోమాలో క్లేటన్ లాకెట్ అనే ఖైదీకి నరం దొరక్క సూది సరిగ్గా పడలేదు, 43 నిమిషాలకు గుండె ఆగి చనిపోయాడు. మందుల కంపెనీలు ఈ పనికి మందులు అమ్మం అన్నాయి, డాక్టర్ల సంఘాలు డాక్టర్లెవరూ ఇందులో పాలుపంచుకోకూడదన్నాయి. 2024 జనవరిలో అలబామాలో నైట్రోజన్ గ్యాస్ పెట్టారు, కొన్ని నిమిషాల పాటు మనిషి గింజుకున్నాడని చూసినవాళ్లు చెప్పారు. 2025 మార్చిలో సౌత్ కరోలినాలో తుపాకులతో కాల్చారు. సూది దాకా వెళ్లినవాళ్లు మళ్లీ తూటా దగ్గరికి వచ్చారు.

నేను నొప్పి తగ్గించడానికి వ్యతిరేకిని కాదు. ఉరి ఉన్నన్నాళ్లూ నొప్పి మీద లెక్క ఉండాల్సిందే. 2014లో శత్రుఘ్న చౌహాన్ తీర్పులో ఉరి తర్వాత పోస్టుమార్టం తప్పనిసరి చేసింది కూడా అందుకే, మెడ విరిగి చనిపోయారా ఊపిరాడకా అన్నది రికార్డులోకి రావాలి కదా. కానీ ఈ వాదనంతా ఆఖరి పది నిమిషాల గురించే నడుస్తుంది. మావాడికి శిక్ష బరువు చూసే మెషిన్ ఎక్కిన రోజే మొదలైంది. తాడు తీసేసి సూది పెడితే ఆ మెషిన్ భయం పోయి నరం దొరుకుతుందా లేదా అన్న భయం వస్తుంది, అంతే. ఆ భయంతో ఏళ్ల తరబడి ఎవరు కూర్చోవాలో తేల్చింది మాత్రం ఒక మధ్యాహ్నం నేను చెప్పిన మూడు మాటలు. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ 2016లో వేసిన రిపోర్టు ప్రకారం మన దేశంలో ఉరిశిక్ష పడ్డవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది పేదవాళ్లు. వాళ్లలో ఎంతమంది గురించి ఎవరైనా పలాస రైలెక్కి వెళ్లారు?

తిండి సంగతి చెప్పడం మర్చిపోయాను. ములాఖత్ రోజే జైలు డాక్టరుగారిని కలిశాను. ఆయన విన్నారు, మరుసటి వారం ఆ బ్యారక్ అందరినీ వరసగా నిలబెట్టి మావాడి ఎదురుగా ఒక్కొక్కరి బరువూ చూసి రాశారు, రిమాండు ఖైదీలతో సహా. అప్పీళ్లు, క్షమాభిక్ష అన్నీ అయిపోయేవరకు అతన్ని ఉరి ఖైదీగా వేరే సెల్‌లో ఒంటరిగా పెట్టకూడదని 1978 నాటి సునీల్ బాత్రా తీర్పు ఉంది, దాన్ని తెలుగులో కాగితం మీద రాసి అతనికి చదివి వినిపించాను. మళ్లీ 60 దాటడానికి ఆరు నెలలు పట్టింది.

హైకోర్టు వాదనలకి ముందు రోజు మధ్యాహ్నం రత్నాచల్ ఎక్కి విజయవాడలో దిగాను. అదే రైల్లో వచ్చారట, చనిపోయిన దంపతుల కూతురు. కోర్టు క్యాంటీన్ దగ్గర నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చారు. గొంతు పెంచలేదు. "తాడు పొడుగుకి లెక్కలుంటాయంట కదండీ. మా అమ్మ తల మీద ఎన్ని దెబ్బలో కూడా లెక్కుంది, పోస్టుమార్టంలో. అది కూడా చదవండి మీరు" అన్నారు. నమస్కారం పెట్టాను. ఇంకేం చెప్పను?

రాత్రి నోట్స్ మార్చుకున్నాను. లేచి ముందుగా పోస్టుమార్టం రిపోర్టు నేనే చదివాను, ఇద్దరివీ, గాయం తర్వాత గాయం. పీపీ గారు కొంచెం ఆశ్చర్యంగా చూశారు. ఇది చేసిన మనిషి తరఫున నిలబడ్డానని తెలిసే మాట్లాడుతున్నానని బెంచీకి చెప్పాలనిపించింది, చెప్పాను. తర్వాత కేజీహెచ్ చీటీలు, తిత్లీ, పరంజా, చినవాల్తేరు రిపోర్టు, ప్రొబేషన్ అధికారి రిపోర్టు, జైల్లో ఒక్క పనిష్మెంటు లేదన్న సర్టిఫికెట్. తీర్పుల్లో ఎక్కువసేపు నిలబడింది ఈడిగ అనమ్మ కేసు దగ్గర, 1974, మన రాష్ట్రం నుంచే వెళ్లింది. ఒక స్త్రీనీ బిడ్డనీ చంపిన కేసది. చేసిన ఆమెది చిన్న వయసు, మామ కొట్టి వెళ్లగొట్టిన కోడలు, చిన్న పిల్లాడి తల్లి. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ బతుకుని కూడా చూసి ఉరిని యావజ్జీవంగా మార్చారు. బచన్ సింగ్‌కి ఆరేళ్ల ముందే ఆ పని జరిగింది.

మా సీనియర్ గారు బతికుండగా తరచూ నక్సలైటు ఉద్యమంలో పనిచేసిన భూమయ్య, కిష్టాగౌడ్‌ల గురించి చెప్పేవారు. 1975 డిసెంబరు 1న, ఎమర్జెన్సీలో, ముషీరాబాద్ జైల్లో వాళ్లని ఉరి తీశారు, ఎన్ని పిటిషన్లు వేసినా ఆగలేదని ఆయనకి చివరిదాకా బాధ. దాని వెంటే చిలకలూరిపేట కేసు చెప్పేవారు. 1993లో బస్సు తగలబెడితే 23 మంది చనిపోయారు, ఇద్దరు యువకులకి ఉరి పడింది, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. "రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చదవమ్మా, చట్టంలో తేడా ఎక్కడుందో వెతుకు" అనేవారు. క్షమాభిక్ష చట్టం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఫైలు మీద ఆ రోజు ఎవరు కూర్చున్నారన్నదే తేడా. నాకు ఉరిశిక్ష మీద నమ్మకం పోయింది ఆ రెండు ఫైళ్ల దగ్గరే, ఈ కేసు వచ్చేనాటికి నేను ఆ అభిప్రాయంతోనే ఉన్నాను. అయినా నా క్లయింటు విషయంలో ఏడో తరగతి సర్టిఫికెట్ తెచ్చుకోలేకపోయాను.

హైకోర్టు నేరాన్ని ఖాయం చేసింది. ఉరిని తీసేసి, 25 ఏళ్లు రెమిషన్ (శిక్ష తగ్గింపు) లేకుండా యావజ్జీవం వేసింది, 2015లో శ్రీహరన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం హైకోర్టులకి ఆ అధికారం ఉందని చెప్పింది. అరెస్టైన రోజు నుంచి లెక్కేసినా బయటికొచ్చేసరికి 52 దాటతాయి. ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెప్తే, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "నేనుండనులే అప్పటికి" అంది.

ఇప్పుడు మా ఆఫీసులో హత్య కేసు వకాలత్ తీసుకున్న మొదటి వారంలోనే ఇంటికి మనిషిని పంపుతున్నాం. బడి రికార్డు, ఆసుపత్రి చీటీలు, అప్పు పత్రాలు, ఏది దొరికితే అది జెరాక్స్. తీర్పు ఎలా వచ్చినా సరే. శిక్ష విచారణకి వేరే తేదీ కావాలని రాతపూర్వకంగా అడుగుతున్నాం. అసలు ఉరి కేసుల్లో ఆ టైం ఎలా ఇవ్వాలన్న ప్రశ్నని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో ఐదుగురు జడ్జిల బెంచీకి పంపింది. అది తేలేదాకా ఆగలేం. జూనియర్లకి ఇది విసుగు పుట్టించే పని అని తెలుసు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఉన్న కిక్ ఇందులో లేదు. చేయండి.

కూతురుగారు సుప్రీంకోర్టుకి వెళ్లారు, ఉరి మళ్లీ వేయాలని. ఆమెకి ఆ హక్కు లేదని నేను ఎవరితోనూ అనను. నోటీసు మాకు అందింది, వకాలత్ మీద సంతకం కోసం వచ్చే బుధవారం అడవివరం వెళ్తున్నాను. ఆ కాగితం ఏమిటో అతనికి నేనే చెప్పాలి.